రిపోర్టులో లేని ఐదో వరస

వేళ్ళ కణుపులు వాచి, పొద్దున్నే పిడికిలి బిగించలేక ల్యాబుకు వెళ్ళినవాళ్ళకు ఏ ఊళ్ళోనైనా ఇంచుమించు ఒకే రకం కాగితం చేతికొస్తుంది. అందులో నాలుగు వరసలు: ఈఎస్ఆర్, సీఆర్‌పీ, ఆర్ఏ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ. ఒక్కోదాని ఎదురుగా ఒక అంకె, ఆ పక్కన నార్మల్ హద్దు. హద్దు దాటిన అంకె లావుపాటి అక్షరాల్లో అచ్చవుతుంది. నాలుగూ ఒకదాని కింద ఒకటి ఉండేసరికి, అన్నీ ఒకే సంగతిని నాలుగు రకాలుగా కొలుస్తున్నాయనీ, లావు అక్షరాలు ఎన్ని ఎక్కువుంటే జబ్బు అంత ముదిరినట్టనీ అనుకుంటాం.

అవి నాలుగు వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. మొదటి మూడింటినీ కనిపెట్టినవాళ్ళు అసలు కీళ్ళ జబ్బు కోసం వెతకనే లేదు. ఒకాయన గర్భం నిలిచిందో లేదో చెప్పే పరీక్ష కోసం చూస్తున్నాడు. ఇద్దరు న్యుమోనియా మీద పనిచేస్తున్నారు. ఇంకొకాయన గొర్రె రక్తకణాలతో వేరే పరీక్షేదో చేసుకుంటున్నాడు. ఇక రోగి అడగాలనుకునే ప్రశ్న ఈ నాలుగింటిలోనూ లేదు: "నా కీళ్ళు ఇప్పటికి ఎంత దెబ్బతిన్నాయి? ఇకముందు వేళ్ళు వంకర పోతాయా?" దానికి సూటిగా జవాబు చెప్పే ఐదో వరస ఏ రిపోర్టులోనూ కనిపించదు. ఎందుకు కనిపించదో తెలియాలంటే ముందు ఉన్న నాలుగింటి సంగతి చూడాలి.

గంటలో ఎంత దిగింది?

గడ్డకట్టకుండా సోడియం సిట్రేట్ కలిపిన రక్తాన్ని సన్నని గాజు గొట్టంలో నిలువుగా పెడితే ఎర్రకణాలు మెల్లగా కిందికి దిగుతాయి, పైన పసుపుపచ్చని ప్లాస్మా తేలుతుంది. గంటలో ఆ ప్లాస్మా ఎన్ని మిల్లీమీటర్లు తేలిందో అదే ఈఎస్ఆర్. ఇంతకన్నా సాదా పరీక్ష వైద్యంలో మరొకటి ఉందనుకోను. పోలండ్ వైద్యుడు ఎడ్మండ్ బియర్నాట్‌స్కీ 1897లోనే దీన్ని గమనించి రాశాడు, ఎవరూ పట్టించుకోలేదు. 1918లో స్టాక్‌హోమ్‌లో రాబిన్ ఫారేయస్ గర్భిణుల రక్తం మామూలుకన్నా వేగంగా దిగుతోందని చూసి, గర్భ నిర్ధారణకు పనికొస్తుందని ఆశపడ్డాడు. జబ్బుపడ్డ మగవాళ్ళ రక్తమూ అలాగే దిగడంతో ఆ ఆశ నిలవలేదు. 1921లో మరో స్వీడన్ వైద్యుడు ఆల్ఫ్ వెస్టర్‌గ్రెన్ క్షయ రోగుల మీద ఇదే పరీక్ష చేసి, గొట్టం కొలతలు, సిట్రేట్ పాళ్ళు స్థిరపరిచాడు. ఇప్పటికీ ల్యాబు రిపోర్టుల్లో "వెస్టర్‌గ్రెన్ పద్ధతి" అని ఉంటుంది.

ఫారేయస్‌కు పాత వైద్య గ్రంథాల పిచ్చి కూడా ఉండేది. గ్రీకు వైద్యులు శరీరంలో ఉన్నాయని చెప్పిన నాలుగు ద్రవాల సిద్ధాంతం, గాజు పాత్రలో తీసి ఉంచిన రక్తం నాలుగు రంగుల పొరలుగా విడిపోవడం చూసే పుట్టి ఉంటుందని ఆయన ఊహ. ఋజువు చేయగలిగింది కాదుగానీ, గొట్టం ముందు గంటలకొద్దీ కూర్చున్నవాడికి తట్టాల్సిన ఊహే.

ఎర్రకణాల మీద రుణావేశం ఉంటుంది. అందుకే అవి ఒకదాన్నొకటి తోసుకుంటూ విడివిడిగా తేలుతాయి. ఒంట్లో ఎక్కడైనా ఇన్‌ఫ్లమేషన్ ఉంటే కాలేయం ఫైబ్రినోజెన్ అనే ప్రోటీన్‌ను ఎక్కువగా తయారుచేస్తుంది. అది ఆ తోపుడును తగ్గించడంతో కణాలు రూపాయి బిళ్ళల దొంతరలా ఒకదాని మీదొకటి అతుక్కుంటాయి. దొంతర బరువు, కాబట్టి త్వరగా దిగుతుంది. అంటే ఈఎస్ఆర్ కొలిచేది కీలును కాదు, ఇన్‌ఫ్లమేషన్‌నూ కాదు. ఇన్‌ఫ్లమేషన్ వల్ల ప్లాస్మాలో వచ్చిన మార్పు, ఆ మార్పు వల్ల ఎర్రకణాల నడకలో వచ్చిన తేడా. రెండు మెట్లు ఎడంగా ఉన్న కొలత ఇది.

అందుకే దీన్ని తప్పుదోవ పట్టించేవి చాలా ఉన్నాయి. వయసుతో ఈఎస్ఆర్ పెరుగుతుంది. మగవాళ్ళకు వయసులో సగం, ఆడవాళ్ళకు వయసుకు పది కలిపి అందులో సగం పై హద్దు అని వైద్యులు వాడే మోటు లెక్క ఒకటుంది. దాని ప్రకారం అరవై ఏళ్ళ ఆవిడకు 35 దాకా ఫరవాలేదు. ల్యాబు కాగితం మాత్రం అందరికీ 20 అనే గీత గీసి, ఆవిడ 32ను లావు అక్షరాల్లో అచ్చేస్తుంది. రక్తహీనత ఉంటే ఎర్రకణాలు తక్కువై, అడ్డు లేక, ఇంకా వేగంగా దిగుతాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. తెలుగు రాష్ట్రాలు రెండింటిలోనూ సగం దాటింది. కీళ్ళవాతం, అంటే రుమటాయిడ్ ఆర్థరైటిస్, ఎక్కువగా వచ్చేదీ ఆడవాళ్ళకే. కాబట్టి మన దగ్గర ఈఎస్ఆర్‌ను హిమోగ్లోబిన్ పక్కన పెట్టుకుని చదవకపోతే అది సగం చదివినట్టే.

న్యూయార్క్‌లో న్యుమోనియా

1930లో న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ సంస్థలో విలియం టిల్లెట్, థామస్ ఫ్రాన్సిస్ అనే ఇద్దరు ఆస్వాల్డ్ ఏవరీ ప్రయోగశాలలో న్యుమోకాకస్ బాక్టీరియాను పరిశీలిస్తున్నారు. ఆ బాక్టీరియా గోడనుంచి తీసిన ఒక చక్కెర పదార్థానికి వాళ్ళు "సి" అని పేరు పెట్టారు. న్యుమోనియా రోగి సీరంలో దాన్ని కలిపితే తెల్లగా విరిగి అడుగుకు దిగేది. రోగి కోలుకున్నాక అదే మనిషి సీరం విరిగేది కాదు. వింత అక్కడే ఉంది. యాంటీబాడీ అయితే జబ్బు తగ్గేకొద్దీ పెరగాలి, ఇది తగ్గిపోతోంది. న్యుమోనియాతో సంబంధంలేని జబ్బుల్లోనూ కనిపిస్తోంది. సీరంలో ఉండి ఆ "సి"ని విరగ్గొడుతున్న పదార్థమే సి-రియాక్టివ్ ప్రోటీన్, సీఆర్‌పీ. ఐదు ఒకేరకం ముక్కలు ఉంగరంలా కూడిన ప్రోటీన్ ఇది. దెబ్బతిన్న కణాల పొరకూ, కొన్ని బాక్టీరియాలకూ అతుక్కుని, వాటిని ఊడ్చెయ్యడానికి గుర్తుపెడుతుంది.

కీలు పొరలో పోగైన రక్షక కణాలు ఇంటర్‌ల్యూకిన్-6 అనే రసాయనాన్ని రక్తంలోకి వదులుతాయి. అది కాలేయానికి చేరగానే సీఆర్‌పీ తయారీ మొదలు. గంటల్లో పెరుగుతుంది, రెండు రోజుల్లో శిఖరానికి చేరుతుంది. తయారైన సీఆర్‌పీలో సగం దాదాపు 19 గంటల్లో రక్తంనుంచి తొలగిపోతుంది. ఈ వేగం ఆరోగ్యంలోనూ జబ్బులోనూ ఒకటే. అందుకే రక్తంలో ఎంత ఉందన్నది కాలేయం ఎంత తయారుచేస్తోందన్న దాన్నే చెబుతుంది. ఈఎస్ఆర్‌కు ఈ సుగుణం లేదు. జబ్బు అదుపులోకి వచ్చాక కూడా ఫైబ్రినోజెన్, ఇతర ప్రోటీన్లు మెల్లగా తరుగుతాయి కనక అది వారాల తరబడి నెమ్మదిగా దిగుతుంది. మందు పనిచేస్తోందా అని అడిగితే సీఆర్‌పీయే ముందు చెబుతుంది.

అలాగని ఆ అంకెను కళ్ళుమూసుకుని నమ్మే వీల్లేదు. ముందుగా కొలమానం. కొన్ని ల్యాబులు లీటరుకు మిల్లీగ్రాముల్లో ఇస్తాయి, కొన్ని డెసిలీటరుకు. ఒకచోట 12 వచ్చినవాళ్ళకు ఇంకోచోట 1.2 వస్తే జబ్బు పదోవంతుకు తగ్గిందని సంబరపడతారు. రెండూ ఒకటే. తర్వాత, సీఆర్‌పీకి కీలు అంటే ప్రత్యేకమైన ప్రేమేం లేదు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, పంటి చీము, ఊబకాయం, అన్నీ దాన్ని పెంచుతాయి. చివరిగా, చాలామందికి నచ్చని సంగతి: చేతి కణుపులు స్పష్టంగా వాచి ఉన్నా సీఆర్‌పీ, ఈఎస్ఆర్ రెండూ నార్మల్‌గా ఉండే రోగులు తక్కువేమీ కాదు. "రిపోర్టు బాగానే ఉందమ్మా, నీకేం లేదు" అని వాళ్ళను పంపించేస్తే అది పరీక్ష తప్పు కాదు, దాన్ని చదివినవాళ్ళది.

ఇంకో చిక్కు చూడండి. జపాన్‌లోని ఒసాకాలో తదమిత్సు కిషిమోటో బృందం 1986లో ఇంటర్‌ల్యూకిన్-6 జన్యువును పట్టుకుంది. దాని గ్రాహకాన్ని మూసేసే టోసిలిజుమాబ్ అనే మందు కూడా వాళ్ళ పనిలోంచే వచ్చింది. కోవిడ్ రోజుల్లో మన పేపర్లలో ఈ పేరు బాగా వినిపించింది. ఈ మందు పడితే కాలేయానికి కబురే అందదు, కాబట్టి సీఆర్‌పీ దాదాపు సున్నాకు పడిపోతుంది. కీళ్ళు అంత బాగుపడ్డాయా? పడి ఉండవచ్చు, పడకపోయీ ఉండవచ్చు. అంతకన్నా ప్రమాదం, ఆ మందు మీద ఉన్న రోగికి న్యుమోనియా వచ్చినా సీఆర్‌పీ లేవకపోవచ్చు. 1930లో ఏ జబ్బు రక్తంలో దొరికిందో ఆ జబ్బునే చూపించలేని స్థితి అన్నమాట.

ఆర్ఏ ఫ్యాక్టర్ అనే తలనొప్పి

నార్వేలో ఎరిక్ వాలర్ కుందేలు యాంటీబాడీలు పూసిన గొర్రె ఎర్రకణాలతో ఒక పరీక్ష చేస్తుండగా, ఒక కీళ్ళవాతం రోగి సీరం ఆ కణాలను పగలగొట్టకుండా ముద్దలు కట్టించింది. 1940లో ప్రచురించాడు. ఆ ఏడే జర్మనీ నార్వేను ఆక్రమించింది, ప్రపంచం వేరే పనిలో మునిగింది. 1948లో న్యూయార్క్‌లో హ్యారీ రోజ్, చార్లెస్ రేగన్ తమంత తాము అదే చూశారు. 1956లో సింగర్, ప్లాట్జ్ గొర్రె కణాల బదులు లేటెక్స్ పూసలు వాడటంతో పరీక్ష ప్రతి చిన్న ల్యాబుకూ చేరింది.

ముద్దలు కట్టించినది ఒక యాంటీబాడీ. అది పట్టుకునేది సూక్ష్మజీవిని కాదు, మన సొంత యాంటీబాడీల తోకను. వినడానికి వికారంగా ఉన్నా శరీరానికి దీంతో పని ఉంది. దీర్ఘకాలం వదలని ఇన్‌ఫెక్షన్లలో యాంటీబాడీలూ సూక్ష్మజీవుల ముక్కలూ కలిసి గుంపులు కడతాయి, వాటిని తొలగించడానికి ఈ ఫ్యాక్టర్ సాయపడుతుంది. అందుకే క్షయ, కుష్ఠు, హెపటైటిస్-సి, గుండె కవాటాల ఇన్‌ఫెక్షన్ ఉన్నవాళ్ళలో ఇది పాజిటివ్ వస్తుంది. ముసలితనంలో ఊరికే కూడా వస్తుంది.

ఒక లెక్క వేద్దాం. ఢిల్లీ దగ్గరి పల్లెల్లో మాలవీయ బృందం చేసిన సర్వే 1993లో వచ్చింది. పెద్దవాళ్ళలో రుమటాయిడ్ ఆర్థరైటిస్ 0.75 శాతం అని తేలింది. అంటే వెయ్యిమందిలో ఏడెనిమిది మంది. ఎనిమిదే అనుకుందాం. రోగుల్లో సుమారు 70 శాతానికి ఆర్ఏ ఫ్యాక్టర్ పాజిటివ్, అంటే ఐదారుగురు. జబ్బు లేని మిగతా 992 మందిలో ఐదు శాతానికి పాజిటివ్ వచ్చినా దాదాపు 50 మంది. మొత్తం 55 పాజిటివ్ కాగితాల్లో నిజం రోగులు ఆరుగురు దాటరు. మిగతా యాభైమందికీ మిగిలేవి భయం, మందుల చీటీ, "వాతం ఉందట" అన్న బంధువుల జాలి.

అందుకే "ఆర్థరైటిస్ ప్రొఫైల్" పేరుతో డిస్కౌంటులో అమ్మే ప్యాకేజీలంటే నాకు పడదు. ఆర్ఏ ఫ్యాక్టర్, ఏఎస్ఓ, యూరిక్ యాసిడ్, సీఆర్‌పీ అన్నీ కలిపి, నడుము నొప్పికీ మోకాలి అరుగుదలకూ ఒకే మందల్లే రాసేస్తారు. పరీక్ష తప్పు కాదు, ఎవరికి చేశామన్నదే తప్పు. రెండు చేతుల కణుపులు, మణికట్టు వాచి, పొద్దున్నే గంటకు పైగా బిగుసుకుపోయి, ఆరు వారాలు దాటినవాళ్ళలో అదే పాజిటివ్‌కు చాలా విలువుంది. చికున్‌గున్యా తర్వాత కీళ్ళు పట్టేసినవాళ్ళకైతే ఇంకా జాగ్రత్త కావాలి. 2005-06లో ఆంధ్రప్రదేశ్‌లో ఆ జ్వరం ఊళ్ళకు ఊళ్ళను మంచాన పడేసినప్పుడు నెలల తరబడి వాచిన చేతులు అచ్చం కీళ్ళవాతంలాగే కనిపించాయి.

పుచ్చకాయలో దొరికినది

నాలుగో వరస కథ మాత్రం కీళ్ళ జబ్బు దగ్గరే మొదలైంది. 1964లో నెదర్లాండ్స్‌లో నీన్‌హౌస్, మండేమా అనే ఇద్దరు, కీళ్ళవాతం రోగుల సీరంలోని ఏవో యాంటీబాడీలు మనిషి బుగ్గ లోపలి కణాలకు అతుక్కుంటున్నాయని గమనించారు. పరీక్ష గొప్పగా ఉంది, చేయడమే గండం. అందరి బుగ్గ కణాలూ పనికిరావు. సరైన దాతను వెతుక్కోవాలి. 1979లో ఎలుక అన్నవాహిక పొరతో ఇంకో పరీక్ష వచ్చింది. రెండూ పట్టుకుంటున్నది ఫిలాగ్రిన్ అనే చర్మపు ప్రోటీన్‌నని తొంభైల్లో తేలింది. కీలులో చర్మపు ప్రోటీన్ ఎందుకుంటుంది? ఈ చిక్కుముడి 1998లో నైమేఖెన్‌లో విడింది. షెల్లెకెన్స్, వాన్ వెన్రోయ్ బృందం చెప్పిందేమంటే, యాంటీబాడీలకు కావలసింది ఫిలాగ్రిన్ కాదు, అందులో ఒకచోట ఆర్జినైన్ అనే అమైనో ఆమ్లం మారి ఏర్పడిన సిట్రులిన్. ఆ మార్పు ఏ ప్రోటీన్‌లో జరిగినా అవి అతుక్కుంటాయి. సిట్రులిన్ ఉన్న చిన్న పెప్టైడ్‌ను ఉంగరంలా ముడివేసి చేసిన పరీక్షే యాంటీ సీసీపీ.

సిట్రులిన్ మొదట దొరికింది పుచ్చకాయ రసంలో. వెంటనే చెప్పాలి, పుచ్చకాయ తిన్నందువల్ల కీళ్ళవాతం వస్తుందని కాదు. తిన్న సిట్రులిన్ వేరు, మన ప్రోటీన్ లోపల పాడ్ అనే ఎంజైములు ఆర్జినైన్‌ను మార్చేయడం వేరు. వేసవిలో ఆ కాయను వదులుకోనక్కరలేదు. వదులుకోవాల్సింది పొగ. పొగతాగేవాళ్ళ ఊపిరితిత్తుల్లో ఈ మార్పు ఎక్కువగా జరుగుతుంది. కొన్ని రకాల హెచ్ఎల్ఏ జన్యువులు ఉన్నవాళ్ళు పొగ కూడా తాగితే ఈ యాంటీబాడీలున్న కీళ్ళవాతం ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుందని 2006లో స్వీడన్ పరిశోధకులు చూపారు. చిగుళ్ళ జబ్బు తెచ్చే పార్ఫైరోమోనాస్ జింజివాలిస్ అనే బాక్టీరియాకు ఈ మార్పు చేసే సొంత ఎంజైమే ఉంది. జబ్బు కీలులో పుట్టి ఒళ్ళంతా పాకుతుందన్న పాత నమ్మకం ఇక్కడ తలకిందులైంది. అది ఊపిరితిత్తుల్లోనో చిగుళ్ళలోనో మొదలై, ఏళ్ళ తర్వాత కీలుకు చేరుతున్నట్టుంది.

ఏళ్ళ తర్వాత అన్నది ఊరికే అనలేదు. ఆమ్‌స్టర్‌డామ్ రక్తనిధిలో ఒకప్పుడు రక్తమిచ్చి, తర్వాత కీళ్ళవాతం వచ్చిన 79 మంది పాత నమూనాలను తీసి పరీక్షించి 2004లో ఫలితాలు ప్రకటించారు. దాదాపు సగం మంది రక్తంలో, ఇంకా ఒక్క కీలూ నొప్పి పెట్టకముందే, ఆర్ఏ ఫ్యాక్టరో యాంటీ సీసీపీయో ఉంది. వాళ్ళలో సగంమందికి అది లక్షణాలకు నాలుగున్నర ఏళ్ళ ముందే కనిపించింది. అప్పట్నుంచి, ఈ దశలోనే ఆపలేమా అన్న ప్రశ్న వెంటాడుతోంది. 2024లో వెలువడిన బ్రిటన్-నెదర్లాండ్స్ ప్రయోగంలో ఇలాంటివాళ్ళకు, వాపు లేకుండా నొప్పులే ఉన్నప్పుడు, ఏడాదిపాటు అబాటసెప్ట్ అనే మందు ఇచ్చారు. ఏడాది చివర జబ్బు వచ్చినవాళ్ళు మందు గుంపులో 6 శాతం, ఉత్తుత్తి మందు గుంపులో 29 శాతం. మందు ఆపి ఇంకో ఏడాది గడిచేసరికి 25, 37. వాయిదా పడింది, తప్పిపోలేదు.

యాంటీ సీసీపీ ఆర్ఏ ఫ్యాక్టర్ కన్నా నిక్కచ్చిగా ఉంటుంది. జబ్బు లేనివాళ్ళలో పాజిటివ్ రావడం తక్కువ. ఎక్కువ మోతాదులో ఉంటే ఎముక కొరుక్కుపోయే ముప్పు ఎక్కువని కూడా తెలుసు. అయితే ఒకసారి పాజిటివ్ అని తేలాక నెలనెలా చేయించడం డబ్బు దండగ. అది జబ్బు ఏ రకమో చెబుతుంది, ఈ నెల ఎలా ఉందో చెప్పదు. ఇంకో మాట, రోగుల్లో అయిదో వంతుకు పైగా ఈ రెండు యాంటీబాడీలూ లేనివాళ్ళే. నెగటివ్ కాగితం జబ్బు లేదనడానికి హామీ కాదు.

ఇక ఐదో వరస

కీలు ఎలా పాడవుతుందో చూస్తే ఏం కొలవాలో తెలుస్తుంది. మామూలుగా కీలు లోపలి పొర ఒకటి రెండు కణాల మందం. కీళ్ళవాతంలో అది లావెక్కి, కొత్త రక్తనాళాలు వేసుకుని, మృదులాస్థి మీదికి పాకుతుంది. దాని కణాలు ఎమ్ఎమ్‌పీ అనే ఎంజైములు వదిలి మృదులాస్థిలోని కొల్లాజెన్‌ను ముక్కలు చేస్తాయి. ఇంకోపక్క ర్యాంక్-లిగాండ్ అనే సంకేతంతో ఎముకను తినే ఆస్టియోక్లాస్టు కణాలు పుట్టి, ఎముక అంచున గుంటలు తవ్వుతాయి. ఈ శిథిలాల ముక్కలు రక్తంలోకీ మూత్రంలోకీ రావాలి కదా? వస్తాయి. మృదులాస్థిలోని కాంప్ అనే ప్రోటీన్‌ను స్వీడన్‌లోని లుండ్‌లో హైనెగార్డ్ బృందం గుర్తించింది, అది రక్తంలో దొరుకుతుంది. రెండో రకం కొల్లాజెన్ తోక ముక్క సీటీఎక్స్-2 మూత్రంలో దొరుకుతుంది. ఎమ్ఎమ్‌పీ-3ని జపాన్ ఆస్పత్రుల్లో మామూలు పరీక్షగానే చేస్తారు.

మరి మన కాగితంలో ఎందుకు లేవు? ఎందుకంటే రక్తానికి చిరునామా ఉండదు. మోకాలు పెద్ద కీలు, వేలి కణుపు చిన్నది. యాభై దాటిన ఆవిడ మోకాళ్ళు వయసుతో అరుగుతుంటే వచ్చే కొల్లాజెన్ ముక్కలూ, వేలి కణుపును కీళ్ళవాతం కొరికితే వచ్చే ముక్కలూ ఒకటే. మోకాలి మోత ముందు కణుపు రవ్వ వినపడదు. నాలుగడుగులు నడిస్తే కాంప్ పెరుగుతుంది. రోజులో వేళను బట్టి సీటీఎక్స్-2 మారుతుంది. మూత్రపిండాలు మందగించినా, స్టెరాయిడ్ వేసుకున్నా ఎమ్ఎమ్‌పీ-3 పైకి పోతుంది. వందలమంది సగటు తీస్తే ఈ కొలతలు ఎముక దెబ్బను ముందుగా సూచిస్తాయి. ఎదురుగా కూర్చున్న ఒక్క మనిషికి నీ చెయ్యి ఏమవుతుందో చెప్పలేవు. అమెరికాలో సీఆర్‌పీ, ఇంటర్‌ల్యూకిన్-6, ఎమ్ఎమ్‌పీ-3తో సహా పన్నెండు ప్రోటీన్లు కొలిచి 1 నుంచి 100 వరకు ఒకే మార్కు ఇచ్చే పరీక్ష అమ్ముతున్నారు. పన్నెండు అంకెల్ని ఒకటిగా కూర్చితే ప్రశ్న తేలిక కాదు, మరుగున పడుతుంది.

మొదటి రెండు వరసల నుంచే ఐదోదాన్ని కొంతవరకు రాబట్టవచ్చు, కాని ఒక్కసారి పరీక్షతో కాదు. నెలల తరబడి కొలిచిన సీఆర్‌పీలన్నీ కలిపి చూస్తే, మొత్తం ఎంత పెద్దదైతే ఎక్స్‌రేలో దెబ్బ అంత ఎక్కువగా ఉంటోందని తొంభైల్లోనే డచ్ పరిశోధకులు చూపారు. ఒకరోజు 40 వచ్చి పడిపోవడం కన్నా రెండేళ్ళు 15 దగ్గర నిలిచిపోవడం కీలుకు ఎక్కువ చేటు కావచ్చు. రిపోర్టులన్నీ ఒకే ఫైల్లో దాచుకోమని డాక్టర్లు విసుక్కుంటూ చెప్పేది ఇందుకే.

కాని ఇన్‌ఫ్లమేషన్, దెబ్బ ఎప్పుడూ కలిసి నడవవు. దీనికి రెండు మందులు బలమైన సాక్ష్యం. ర్యాంక్-లిగాండ్‌ను అడ్డుకునే డెనోసుమాబ్ ఇచ్చినప్పుడు రోగుల వాపు, నొప్పి, సీఆర్‌పీ ఏమీ మారలేదు, ఎముక గుంటలు మాత్రం తగ్గాయి. మృదులాస్థి అరుగుదల ఆగలేదు. అంటే ఎముకకు దెబ్బ, మృదులాస్థికి దెబ్బ కూడా వేర్వేరు దారులు. ఇక రెండోది, టీఎన్ఎఫ్ అనే మరో ఇన్‌ఫ్లమేషన్ రసాయనాన్ని ఆపే ఇన్‌ఫ్లిక్సిమాబ్. లూధియానాలో పుట్టిన రవీందర్ మైనీ, మార్క్ ఫెల్డ్‌మన్ కలిసి 1992లో లండన్‌లో రోగులకు దీన్ని మొదటిసారి ఇచ్చారు, సీఆర్‌పీ వేగంగా పడిపోయింది. 2000లో వచ్చిన పెద్ద ప్రయోగంలో, మెథోట్రెక్సేట్‌తో కలిపి ఇస్తే, పెద్దగా ఉపశమనం కలగనివాళ్ళలో కూడా ఎక్స్‌రే దెబ్బ దాదాపు ఆగిపోయింది. ఇందుకు ఎదురుగా, వాపు కనిపించక, రక్తం నార్మల్‌గా ఉండి, అంతా బాగుందనుకున్న రోగుల్లో అల్ట్రాసౌండ్ పెడితే లోపల పొర ఇంకా రగులుతూ కనిపించిన సందర్భాలున్నాయి. నొప్పి మాత్రలు వేసుకుని హాయిగా ఉన్నవాళ్ళలో గుంటలు పడుతూనే ఉంటాయి.

మెథోట్రెక్సేట్ అన్నాం కనక దాని కథ రెండు ముక్కల్లో. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన లెడర్లీ ప్రయోగశాల బృందం నలభైల్లో ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. దాన్ని అడ్డుకునే అమైనోప్టెరిన్, మెథోట్రెక్సేట్ కూడా అక్కడివే. పిల్లల లుకేమియాకు మొదట వాడారు. 1951లో గుబ్నర్ అమైనోప్టెరిన్‌ను కీళ్ళవాతం రోగులకు ఇచ్చి మేలు చూశాడు. కార్టిసోన్ మోజులో ఎవరూ పట్టించుకోలేదు. అమెరికాలో కీళ్ళవాతానికి మెథోట్రెక్సేట్ అనుమతి వచ్చేసరికి 1988 అయింది. ఇవాళ మొదట రాసే మందు అదే. వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. దుష్ఫలితాలు తగ్గించడానికి దానితోపాటు ఇచ్చే మాత్ర ఫోలిక్ ఆమ్లం. మందు, దాని విరుగుడు, రెండూ ఒకే ప్రయోగశాల నుంచి వచ్చాయి.

ఐదో వరస ప్రస్తుతానికి రక్తంలో కాక ఎక్స్‌రే ఫిల్మ్ మీదే ఉంది. గుంటలు ఎక్కువగా మొదటి రెండేళ్ళలోనే పడతాయి, పడ్డ గుంట మళ్ళీ పూడటం అరుదు. కాబట్టి మొదట్లోనే ఒకసారి ఎక్స్‌రే తీసి ఉంచుకోవాలి, తర్వాత పోల్చుకోవడానికి. చేతులకు మాత్రమే తీస్తే చాలదు. డాక్టర్లు జబ్బు తీవ్రతకు వేసే డీఏఎస్-28 లెక్కలో ఈఎస్ఆర్ లేదా సీఆర్‌పీతోపాటు 28 కీళ్ళ వాపు, నొప్పి చేరతాయి. ఆ 28లో భుజాలు, మోచేతులు, మణికట్లు, వేళ్ళు, మోకాళ్ళు ఉన్నాయి, పాదాలు లేవు. ఎముక గుంట తరచు ముందుగా పడేది కాలి చిటికెన వేలి మొదట్లో. చెప్పులు విప్పి చూపించమని డాక్టరు అడగకపోతే, రెండు పాదాలకూ ఎక్స్‌రే రాయమని మనమే అడగాలి.